పుర్రె మందు

మొన్న ఒక శిక్షణ తరగతికి పిలిచారు. పల్లెల్లో తిరిగే ఉద్యోగాల్లో కొత్తగా చేరిన పిల్లలు ఒక హాలు నిండా ఉన్నారు. నిర్వాహకుడు మైకు నా చేతికిచ్చి, "మేడం, మీ సర్వీసులో ఒక సక్సెస్ స్టోరీ చెప్పండి, పిల్లలకు స్ఫూర్తిగా ఉంటుంది" అన్నాడు. పొగలేని పొయ్యిల గురించి నాలుగు ముక్కలు చెప్పి దిగేశాను. చెప్పవలసింది అది కాదు. చెప్పవలసింది మొదలుపెడితే గొంతు లేచి అరిచేస్తానేమోనని భయం వేసింది. ఇన్నేళ్లయినా ఆ కోపం చల్లారలేదు. అందుకే రాసి ఇస్తున్నాను. చదవండి. చప్పట్లు అక్కర్లేదు.

డెబ్భైల నడుమ మాట ఇది. ఆదోనిలో గది తీసుకుని ఉంటూ, చుట్టూ పల్లెలకు గ్రామసేవికగా తిరిగేదాన్ని. మాది మంత్రాలయం దగ్గర ఊరు, నాన్న సంస్కృతం పంతులు. పెళ్లికాని పిల్లను బస్సులెక్కించి ఊళ్లమీదికి తోలుతున్నావేమిటని బంధువులు అడిగితే, "జీతమిచ్చి తిప్పుతున్నారు, తిరగనీండి" అనేవాడు. మహిళా మండలి పెట్టించడం, బాల్వాడీ చూడటం, పిల్లల గోళ్లు, కళ్లు, తలలు శుభ్రంగా ఉంచమని తల్లులకు చెప్పడం నా పని.

ఎమ్మిగనూరు దారిలో బస్సు దిగి నల్లరేగట్లో మూడు మైళ్లు నడిస్తే ఒక ఊరొచ్చేది. వాన పడిందంటే చెప్పులు చేతికి వచ్చేవి. ఆ ఊరికి నాతోపాటు ఒక గ్రామసేవకుడు ఉండేవాడు. సేద్యం సంగతులు ఆయనవి, ఆడవాళ్ల సంగతులు నావి. నాకంటే పదేళ్లు పెద్ద. నేను అన్నా అనేదాన్ని, ఆయన చెల్లా అనేవాడు. పల్లెలో ఎవరింటి ముందు నిలబడి ఎట్లా మాట్లాడాలో నాకు నేర్పింది ఆయనే. మంచి మాటకారి. నవ్విస్తూ చెప్పేవాడు, చెప్పింది జనానికి గుర్తుండిపోయేది. ఆ గుర్తుండిపోవడమే మా కొంప ముంచింది.

ఆ యేడు పత్తికి పురుగు పడింది. ఆ మెట్ట ఊళ్లలో అప్పటిదాకా పిచికారీ మందు ఎరిగినవాళ్లు తక్కువ. ఏ ఊళ్లో ఎన్ని ఎకరాలకు కొట్టించారో చెప్పమని మా పై అధికారి వారం వారం అన్నను నిలబెట్టి అడిగేవాడు. ముందటి యేడు ఎవడో నీళ్లు కలిపిన మందు అమ్మిపోవడంతో రైతులు మందంటేనే నమ్మడం మానేశారు. ఊరి చావడి ముందు సభ పెట్టారు. మగవాళ్లందరినీ పిలిచారు. ఆడవాళ్లను పిలవాలని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు. వాళ్లు గడపల్లో నిలబడి, వినిపించినంత విన్నారు.

అన్న ఒక రేకుడబ్బా ఎత్తి పట్టుకున్నాడు.

"సూడండప్పా. దీని మింద పేరు ఇంగ్లీషులో ఉండాది, నాకే నోరు తిరగదు. మీకు పేరొద్దు. ఈ బొమ్మ సూడండి. ఏంది ఇది?"

"పుర్రె!" అన్నారు అందరూ. పిల్లలు కేకలు పెట్టారు.

"ఆఁ, పుర్రె. పోయిన యేడు నీళ్లమందు కొని మోసపోతిరి గదా. ఈ పుర్రె ఉంటేనే అసలు మందు. లేకుంటే ముట్టుకోవద్దండి. ఇది విషము, జాగర్త. పిల్లోళ్లకు అందనియ్యద్దండి."

ఒక ముసలి రైతు లేచి, "మనుషులకేమన్నా అవుతాదా నాయనా?" అని అడిగాడు.

కొట్టించాల్సిన ఎకరాలు అన్న కళ్లముందు కనిపించి ఉంటాయి. "సేతులు కడుక్కుంటే ఏమీ కాదు తాతా" అన్నాడు. బకెట్టు నీళ్లలో మందు పోసి, కట్టె పక్కనే ఉన్నా, ఒట్టి చేత్తో కలిపి చూపించాడు. జనానికి ధైర్యం వచ్చింది. నాకూ వచ్చింది.

ఆయన ఆ పూట పుర్రె గురించి రెండు మాటలు చెప్పాడు. ఒకటి, అది ఉంటే విషమని. రెండు, అది ఉంటే అసలు సరుకని. మోసపోయి ఉన్న జనం రెండోది పట్టుకుపోయారు. నెల తిరిగేసరికి ఆ మందు ఇంగ్లీషు పేరు ఎవరికీ అక్కర్లేకపోయింది. ఊరూరా "పుర్రె మందు" అయింది. "పుర్రె మందు కొట్టినాక పురుగు రాలి పడతాండాది" అని బస్సుల్లో చెప్పుకునేవారు. ఎమ్మిగనూరులో ఒక పురుగుమందుల అంగడివాడు, నేత మగ్గాల వీధి మొగదల, పలకమీద సుద్దముక్కతో "అసలు పుర్రె మందు దొరుకును" అని రాసి వేలాడదీశాడు. అది చూసి అన్న మురిసిపోయాడు. నేనూ నవ్వాను. "నీ మాటకు అంగట్లో గిరాకీ వచ్చిందన్నా" అన్నాను. ఈ వాక్యం రాస్తుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తోంది.

డబ్బా కొనలేని చిన్న రైతులకు అంగడివాడు చిల్లరగా అమ్మేవాడు. ఎవరి సీసా వాళ్లు తెచ్చుకుంటే గరాటు పెట్టి పోసేవాడు. అట్లా అమ్మకూడదని వాడికి తెలుసు, మాకు తెలుసు, మా పైవాళ్లకు తెలుసు. ఇంకో సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. బొమ్మ ఉన్న డబ్బా అంగట్లోనే ఉండిపోతోంది. పల్లెలకు పోతున్నది ఆ మాట ఒక్కటే.

ఇక నా పాఠం.

అదే ఊళ్లో మహిళా మండలికి వచ్చే ఆడవాళ్లలో ఒకామె ఉండేది. కూలిమనిషి. గట్టిగా మాట్లాడేది, అర్థం కాకపోతే అడిగేది. ఇద్దరు ఆడపిల్లలు. పెద్దదానికి ఎనిమిదేళ్లు. ఆ ఇద్దరినీ బడిలో వేయమని నెలల తరబడి ఆమె వెంటపడింది నేనే. వేసింది. పెద్దపిల్ల తలనిండా పేన్లు, గోకి గోకి పుండ్లు. బడి అయ్యవారు పిల్లను వారం రోజులు వాకిలి బయట కూచోబెట్టి, తర్వాత తల బాగయ్యేదాకా రావద్దని పంపేశాడు.

ఆ మధ్యాహ్నం మండలిలో నేను పేన్ల గురించే చెప్పాను. వేపనూనె పట్టించండి, గుడ్డ కట్టండి, సన్నదువ్వెనతో దువ్వండి, వారానికి రెండుసార్లు చేయండి అన్నాను. ఆమె అడిగింది: "సేవికమ్మా, యాపనూనె రెండు నెలల్నుంచి పూస్తాండాను. పోల్యా. బడికి రానియ్యడంల్యా. మందేమన్నా ఉండాదా?"

బస్సుకు టైమయింది. మూడు మైళ్లు నడవాలి. సంచీ భుజానికి వేసుకుంటూ, "ఉంటుందమ్మా, అంగట్లో అడుగు" అన్నాను.

ఏ అంగడి అని చెప్పలేదు. ఏ మందు అని చెప్పలేదు. ఆ బస్సు దొరికింది, కిటికీ పక్కన సీటు కూడా దొరికింది.

ఆమె ఎమ్మిగనూరు సంతకు పోయినరోజు అంగట్లో అడిగింది. ఆమె ఆలోచన ఎట్లా సాగిందో నాకు తర్వాత ఆమె నోటనే తెలిసింది. అందులో నేను ఇప్పటికీ ఒక్క తప్పు పట్టలేను. మా వైపు పుర్రె అంటే చచ్చినవాడి ఎముకే కాదు. బతికున్నవాడి తలకాయ కూడా. "పుర్రె పగులుతాది" అని తిడతారు. "పుర్రె గొరిగించుకో" అని పిల్లవాణ్ణి మంగలి దగ్గరికి పంపుతారు. కడుపునొప్పికి కడుపు మందు, కళ్లకు కంటి మందు ఉన్నట్టు పుర్రెకు పుర్రె మందు. పైగా అది పురుగును చంపే మందని ఊరంతా చెప్పుకుంటోంది. పేను పురుగే కదా. పెనిమిటి పొద్దస్తమానం ఆ మందు వీపున మోసి, చేతులు కడుక్కుని వచ్చి అన్నం తింటున్నాడు, ఏమీ కాలేదు. ఇంత మంచి మందు చేతికందుతుంటే ఏ తల్లి ఊరుకుంటుంది?

ఇంటికొచ్చి ఆముదంలో కలిపి పెద్దపిల్ల తలకు పట్టించింది. పుండ్లమీద. గుడ్డ చుట్టింది. చిన్నది మంట పుడుతుందని ఏడ్చి వీధిలోకి పరుగెత్తింది కాబట్టి బతికింది. కాసేపటికి పెద్దపిల్లకు చేతులూ కాళ్లూ కొట్టుకోవడం మొదలైంది. బండి కట్టి ఆదోనికి బయల్దేరారు. సగం దారిలో వెనక్కి తిప్పుకుని వచ్చారు.

మర్నాడు నేను మామూలుగా బస్సు దిగి, నడిచి, ఊరి మొదట్లో ఒకామెను "ఏమ్మా, బాగున్నారా" అని పలకరించాను. ఆమె నా ముఖంలోకి చూసి, "పెద్దపాప నిన్న పాయ సేవికమ్మా" అంది. అట్లా తెలిసింది నాకు.

పోలీసులు వచ్చారు. విషం పెట్టి బిడ్డను చంపిందని తల్లిమీద కేసు కట్టాలా, పొరపాటని వదిలేయాలా అనే దగ్గర విషయం ఆగింది. మా ఆఫీసు రిపోర్టు అడిగారు.

మా పై అధికారి మమ్మల్నిద్దరినీ గదిలోకి పిలిచాడు. కాగితం అప్పటికే తయారై ఉంది. మందు డబ్బాపై పుర్రె గుర్తు స్పష్టముగా ఉన్నదనియు, దాని అర్థమును సభలో రైతులకు విశదపరచడమైనదనియు, గ్రామసేవిక సైతం శుభ్రత విషయమై స్త్రీలకు తగు సూచనలు ఇచ్చియున్నదనియు, తల్లి నిర్లక్ష్యము, అజ్ఞానముల వల్లనే ఈ దుర్ఘటన జరిగినదనియు ఉంది. కింద ఇద్దరి సంతకాలకు చోటు.

"సార్, ఆమె పుర్రె అంటే తల అనుకుంది" అన్నాను.

ఆయన బీరువాలోంచి ఒక లావుపాటి నిఘంటువు తీసి పేజీ తిప్పి చూపించాడు. "చూడమ్మా. పుర్రె అంటే చచ్చినవాని తల ఎముక. తెలుగు పదమే కదా. తెలుగు మనిషే కదా. తెలియకపోతే అది మన తప్పా?"

గదిలో ఫ్యాను తిరుగుతోంది. అన్న తల వంచుకుని సంతకం పెట్టాడు. ఆయనకు నలుగురు పిల్లలు. నాకు ఎవరూ లేరు. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు, అంతే. కలం నా చేతికిచ్చాడు. నేనూ పెట్టాను.

పిల్లలూ, ఇక్కడ ఒక నిమిషం ఆగండి. నన్నెవరూ కొట్టలేదు, బెదిరించలేదు. కుర్చీ వేసి కూచోబెట్టారు, టీ తెప్పించారు. ఆ టీ తాగుతూ, బిడ్డ పోయిన తల్లిమీదికి నేరం తోసే కాగితం మీద గుండ్రటి అక్షరాలతో సంతకం పెట్టాను. మీ ముందుకూ అట్లాంటి కాగితం ఒకటి వస్తుంది, టీతో పాటే వస్తుంది.

రెండు వారాలకు ఒక పెద్ద అధికారి విచారణకు ఆ ఊళ్లోకే వచ్చాడు. అదే చావడి, అదే మగవాళ్లు. ఈసారి మధ్యలో ఒక ఆడమనిషి. ఆమె పెనిమిటి గోడకానుకుని నేల చూస్తూ కూచున్నాడు. అంగడివాడు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి, "సంతరోజు వందమంది వస్తారు సార్, ఎవరేం అడిగినారో యాడ గుర్తుంటాది" అని తేల్చేశాడు.

అధికారి ఆమెను మెల్లగానే అడిగాడు. "ఏమ్మా, పుర్రె అంటే ఏమిటో నీకు తెలియదా?"

ఆమె చెయ్యెత్తి తన నడినెత్తిన పెట్టుకుంది. "ఇదే గదా సామీ."

"అది విషం గుర్తమ్మా. డబ్బామీద బొమ్మ ఉంటుంది కదా."

"బొమ్మ నేను యాడ సూస్తిని సామీ? నా సీసాలో పోసిచ్చినాడు. పుర్రె మందు ఇయ్యప్పా, పాప పుర్రె పుండయిండాది అని సెప్పే తీసుకుంటిని. ఆయప్ప ఏమీ అనల్యా."

అంగడివాడు పైకప్పు చూశాడు.

"పేన్లకు ఈ మందు పెట్టమని నీకెవరైనా చెప్పారా?"

నేను గుంపు పక్కన కూచుని ఉన్నాను. ఆమె కళ్లు ఒక్కసారి నావైపు వచ్చి వెళ్లిపోయాయి. "ఎవురూ సెప్పల్యా సామీ. నా బుద్ధే."

మా పై అధికారి రిపోర్టు తీసి చదవడం మొదలుపెట్టాడు. "తల్లి నిర్లక్ష్యము, అజ్ఞానముల వల్లనే" దాకా వచ్చింది. ఆమె వింటోంది. ఆ గ్రాంథికం ఆమెకు అర్థమైందో లేదో గాని, చదివే గొంతు అర్థమైంది. తల దించుకుంది. అర్థం కాకపోతే లేచి అడిగే మనిషి, ఏమీ అడగలేదు. అది చూశాక లేచి నిలబడ్డాను.

"ఆ కాగితం అబద్ధం సార్" అన్నాను.

"కూసో చెల్లా" అని అన్న గొణిగాడు. కూచోలేదు. వరసగా చెప్పేశాను. సభకు ఆడవాళ్లను పిలవలేదని, పుర్రె ఉంటే అసలు మందని మేమే ఊదరగొట్టామని, ఒట్టి చేత్తో కలిపి చూపించామని, సీసాల్లో పోసి అమ్ముతుంటే చూస్తూ ఊరుకున్నామని చెప్పాను. మందుందా అని ఆమె నన్ను అడిగితే, బస్సు పోతుందని, అంగట్లో అడగమని నేనే అన్నానని కూడా చెప్పాను. నా గొంతు కీచుమంటోందని నాకే తెలుస్తోంది. ఆపలేదు.

విచారణకొచ్చిన అధికారి అన్నీ రాసుకున్నాడు. తల్లిమీద కేసు కట్టలేదు. అంతవరకు మేలు జరిగింది. కానీ చివరికి ఫైల్లో ఏం రాశారో గుమాస్తాను బతిమాలి చూశాను. "ప్రమాదవశాత్తు" అని ఒక్క ముక్క. ఆ మాట సంగతి, పుర్రె సంగతి, ఎక్కడా లేదు. పై అధికారిని అడిగితే, "అంత అపశకునపు మాట రికార్డులో ఎందుకమ్మా" అన్నాడు.

"చంపింది ఆ మాటే కదా సార్" అన్నాను.

"నువ్వు ఇక వెళ్లు" అన్నాడు.

అంగడి పది రోజులు మూసి తెరిచారు. పలక తీసేశారు, గరాటు తీయలేదు. అన్నకు మెమో వచ్చింది. ఆదోని బస్టాండులో కనిపిస్తే పలకరించబోయాను. "నేను ఇషమని సెప్పలేదా చెల్లా? జాగర్త అని సెప్పలేదా? ఆ మాట నువ్వు ఆడ సెప్పలేదే" అన్నాడు. నిజమే. కోపంలో ఆ ఒక్క మాటా వదిలేశాను. ఆయన మళ్లీ నాతో మాట్లాడలేదు. ఆయన మీద నాకు కోపముంది, ఆయనకు నేను చేసిన అన్యాయమూ ఉంది. రెండింటికీ నా దగ్గర చోటుంది.

ఎనభైల్లో నన్ను ఎమ్మిగనూరుకే వేశారు. ఒకరోజు అదే వీధిలో పోతుంటే ఒక రైతు సీసా చాపి, "పుర్రె మందు ఒక పావు" అంటున్నాడు. నేను అంగట్లోకి ఎక్కి ఆ గరాటు లాక్కుని రోడ్డుమీద పడేశాను. జనం మూగారు. ఆడమనిషికి ఇంత కోపమేమిటని నవ్వారు. మర్నాడు కొత్త గరాటు వచ్చింది. ఆ తర్వాత నేను చేయగలిగింది ఒకటే. ఏ ఊళ్లో ఏ పాఠం చెప్పినా, కడపట ఎవరో ఒక ఆడమనిషిని నిలబెట్టి, "నేనేం చెప్పినానో నువ్వు చెప్పమ్మా" అని అడిగేదాన్ని. నేను చెప్పినదానికీ ఆమెకు చేరినదానికీ మధ్య ఎంత దూరముండేదో వింటే మీరు నిద్రపోరు. బస్సులు చాలా తప్పిపోయాయి. పోనీయండి.

ఇక మిగిలింది చెప్పేస్తాను. విచారణ అయిన నెలలోపే నాకు బదిలీ కాగితం వచ్చింది. హాలహర్వి వైపు, సరిహద్దు పల్లెలు. పోయేముందు ఆమెను చూడాలని ఆ ఊరు వెళ్లాను. కేసు తప్పించాననే చిన్న గర్వం కూడా లోపల ఉండే ఉంటుంది, దాచుకోను. గుడిసె ముందు చిన్నపిల్ల కూచుని ఉంది. నున్నగా గుండు గీయించి ఉంది. తల్లి జొన్నలు చెరుగుతోంది.

బదిలీ అయిందని చెప్పాను. ఆమె చేట ఆపింది.

"ఎందుకు?"

"ఆరోజు చెప్పాను కదమ్మా. అందుకే."

"ఆ పొద్దు నిన్ను మందు అడిగింది నాకు గుర్తుండాది. అంగట్లో అడుగు అని నువ్వన్నది గూడా గుర్తుండాది. ఆ సారు అడిగితే నేనెందుకు సెప్పల్యా అనుకున్యావు?"

నామీద ప్రేమతో చెప్పలేదని అంటుందనుకున్నాను.

"సెప్తే నిన్ను తీసేస్తారని సెప్పల్యా. నిన్ను తీసేస్తే ఈ వూరికి ఇంకెవురొస్తారు? ఆ అయ్యవారితో కొట్లాడి దీన్ని బడిలో కూసోబెట్టేదెవురు? పెద్దది పాయ. ఇదన్నా సదువుకుంటాదని నోరు మూసుకుంటిని. నామింద కేసు కడితే కట్టనీలే అనుకుంటిని." ఆమె గొంతు పెరిగింది. "నువ్వేమో లేసి అంతా సెప్తివి. నిన్నెవురడిగిరి సేవికమ్మా? సెప్పి నువ్వు పోతాండావు. నేను ఈడనే ఉండాల్ల."

చేట విసిరి కింద పెట్టింది. జొన్నలు చెదిరాయి.

నా స్థానంలో చాలాకాలం ఎవరినీ వేయలేదని తర్వాత తెలిసింది. ఆరోజు మాత్రం నేను చిన్నపిల్ల చెయ్యి పట్టుకుని బడికి తీసుకుపోయాను. అయ్యవారు గుండు చూసి ఏదో అనబోయాడు, నా ముఖం చూసి మానుకున్నాడు. పిల్లను ముందు వరసలో కూచోబెట్టి, బడి వదిలేదాకా వాకిట్లోనే నిలబడ్డాను. తిరిగొచ్చేసరికి తల్లి ఇంట్లో లేదు. కూలికి పోయింది, చెప్పకుండా.